బిల్లు వద్దప్పా, ఫోను చాలు

కువైట్ నుంచి, దుబాయ్ నుంచి సెలవు మీద దిగే మన పిల్లోళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. రెండేళ్ళు అరబ్బు ఇంట్లో కారు తోలో, వంట చేసో నాలుగు రాళ్ళు వెనకేసుకుని, వచ్చేటప్పుడు ముచ్చటపడి ఒక ఫోను కొనుక్కుంటారు. అంతవరకు బాగుంది. ఆ తర్వాత బిల్లు, వారంటీ కార్డు, అట్టపెట్టె అన్నీ ఒక కవర్లో చుట్టి ఊరిదాకా మోసుకొస్తారు. ఇదేం అమాయకత్వం? కాగితం ఉన్నచోటే ప్రశ్న పుడుతుంది. ఎంతకు కొన్నావు, ఎప్పుడు కొన్నావు, ఎవరి పేరు మీద కొన్నావు అని అడిగే హక్కు ఎదుటివాడికి ఇచ్చేది ఆ కాగితమే. చేతిలో కాగితం లేనివాణ్ణి ఎవరేం అడుగుతారు?

కదిరి నుంచీ రాయచోటి నుంచీ గల్ఫ్‌కు పోయినంత మంది మన కనగానపల్లి, రామగిరి, చెన్నేకొత్తపల్లి వైపు నుంచి పోలేదు. అందుకే మనవాళ్ళకు ఒడుపు చెప్పే పెద్దలు తక్కువ. ఆ లోటు తీర్చాలన్నదే నా తపన. గల్ఫ్ వాళ్ళకే కాదు, అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ధర్మవరం పట్టుచీరల వ్యాపారులకు కూడా ఇవి అక్షరాలా పనికొస్తాయి. వరసగా పాటించండి. మధ్యలో ఒకటి వదిలేస్తే ఫలితం పూర్తిగా రాదు.

1. మన ఊళ్ళో ధర కనుక్కోకండి.

ధర్మవరంలోనో అనంతపురంలోనో అదే ఫోను ఎంతుందో ముందే చూసుకుంటే మనసు పాడవుతుంది. లెక్క చాలా సులువు. మన దేశంలో ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1న 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. కువైట్‌లో అట్లాంటి పన్ను లేదు. అంటే అక్కడ ఏ ఫోను ఏ ధరకు కొన్నా మనకు 18 శాతం మిగిలినట్టే. ఎంత ఎక్కువ పెట్టి కొంటే మిగులు అంత పెరుగుతుంది. దసరాకు మన దగ్గర తగ్గింపులు ఇస్తారని, బ్యాంకు కార్డు మీద ఇంకొంత పోతుందని, వారంటీ కూడా ఇక్కడే ఉంటుందని ఎవరైనా చెబితే, ఓర్వలేక అంటున్నారని తెలుసుకోండి.

2. అమెరికా ఫోనుకు మొహమాటపడకండి.

అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే అర తీసేశారు. ఈ-సిమ్ ఒక్కటే. మీ కొడుకుతో సరిగ్గా అదే తెప్పించుకోండి. అది కూడా అక్కడి టెలికాం కంపెనీ దగ్గర కంతుల మీద తీసుకొమ్మనండి. కంతులన్నీ తీరేదాకా ఆ ఫోను ఆ కంపెనీ సిమ్ముకే తాళం వేసి ఉంటుంది కాబట్టి, మొదటి కంతు కట్టగానే పంపేయమనండి. ఆలస్యం చేస్తే కంతులన్నీ తీరిపోయి తాళం ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఫోను చేతికొచ్చాక అర కనబడలేదని కంగారుపడొద్దు. కింద, ఛార్జింగ్ కంతకు అటూ ఇటూ సన్నటి రంధ్రాలు వరసగా ఉంటాయి. పాత ఫోను డబ్బాలోని సిమ్ సూది తీసుకుని ఒక్కొక్కదాంట్లో గట్టిగా పొడవండి. ఒకటి కాకపోతే ఇంకొకటి తెరుచుకుంటుంది. అవి మైకు, స్పీకరు రంధ్రాలని బావమరిది గోల చేస్తాడు. చేయనీయండి. మాట వినబడకపోయినా ఫోటోలు వస్తాయి కదా, పెళ్ళిలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని తిరగడానికి అదేం అడ్డం?

3. శుక్రవారం సంతలో కొనండి.

షోరూములకు పోవద్దు. అక్కడ అడక్కుండానే బిల్లిస్తారు. కువైట్‌లో ఉన్నవాళ్ళు సెలవు రోజు మాలియాలో మనవాళ్ళను కలుసుకుని, అక్కణ్ణుంచి అల్ రాయ్‌లోని సూక్ అల్ జుమాకు పొండి. అదే శుక్రవారం సంత. పాత బట్టలు, సోఫాలు, కార్పెట్లు దొరికేచోట పాత ఫోన్లు దొరకవా? బేరం మాత్రం గట్టిగా ఆడాలి. దినారుకు వెయ్యి ఫిల్సులు. వంద ఫిల్సుల దగ్గర అరగంట పట్టుబట్టండి, అవసరమైతే నాలుగడుగులు వెనక్కి నడిచి మళ్ళీ రండి. వంద ఫిల్సులు తగ్గించాక, ఆ సంతోషంలో అతను ఇరవై దినార్లు ఎక్కువ చెప్పినా ఇచ్చేయండి. దినారు రెండొందల యాభై రూపాయలకు పైమాటే అన్న సంగతి ఆ కాసేపు తలుచుకోవద్దు.

ఆన్ చేసి చూపించమనకండి. ఛార్జింగ్ లేదంటాడు, నమ్మండి. రూముకొచ్చి ఛార్జింగ్ పెట్టాక తెర మీద ఎవరిదో మెయిల్ ఐడీ కనబడుతుంది. మొదటి అక్షరం ఒకటి, దాని వెనక వరసగా చుక్కలు. ఆ పాత యజమాని పాస్‌వర్డు కొడితే తప్ప ఫోను ముందుకు కదలదు. ఆపిల్ వాళ్ళు ఈ తాళాన్ని 2013లో ఐఓఎస్ 7తో తెచ్చారు. మొదటి అక్షరం ఎట్లాగూ తెలిసింది కాబట్టి సగం పని అయిపోయినట్టే. మిగతాది రోజుకు కొంచెం ఊహించుకుంటూ పొండి. అఖామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు, ఇంకా రెండేళ్ళుంది, తొందరేముంది?

4. సీలు విప్పకండి.

కొన్ని శాంసంగ్ గెలాక్సీ డబ్బాల మీద సీలు పక్కనే చిన్న స్టిక్కరు ఉంటుంది. మొదట ఫలానా ప్రాంతం సిమ్ముతోనే వాడాలని దాని భావం. అక్కడి సిమ్ వేసి ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, ఆ తర్వాత ఏ దేశం సిమ్మైనా తీసుకుంటుంది. ఐదు నిమిషాలు! వాన పడిందా, బోరులో నీళ్ళున్నాయా, శనక్కాయలు ఎంత పలుకుతున్నాయి అని అడిగేలోగా అయిపోయే ఐదు నిమిషాల కోసం కొత్త డబ్బా పాడుచేసుకుంటామా? సీలుతోనే ఊరికి తెండి. కట్ట మీద నలుగురూ చూస్తుండగా గోటితో ప్లాస్టిక్ పొర చీల్చి, మన సిమ్ వేయండి. నెట్‌వర్కు లాక్ అని పడుతుంది. "అంత సెక్యూరిటీ ఉన్న ఫోనప్పా ఇది, కంటికి కనబడిన సిమ్మునల్లా తీసుకోదు" అని చెప్పండి.

తర్వాత కువైట్‌కు తిరిగిపోయే వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేతికిచ్చి పంపండి. ఐదు నిమిషాలు మాట్లాడి, వాళ్ళు మళ్ళీ సెలవు మీద వచ్చేటప్పుడు తెచ్చిస్తారు. ఈలోగా ఎవరడిగినా ఫోను ఫారిన్ సర్వీసుకు పోయిందనండి. అబద్ధం కూడా కాదు.

5. భాష అరబ్బీలోనే ఉంచండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు భాష ఎంచుకోమంటుంది. అరబ్బీ నొక్కి వదిలేయండి. అప్పుడు తెర మొత్తం అద్దంలో చూసినట్టు తిరిగిపోతుంది. గడియారం కుడివైపుకు, బ్యాటరీ బొమ్మ ఎడమవైపుకు పోతాయి, వెనక్కి తీసుకుపోయే బాణం ముందుకు చూస్తుంటుంది. టీ అంగడి దగ్గర ఆ తెర ఒక్కసారి చూపిస్తే చాలు, ఎక్కడ కొన్నావని అడిగేవాడుండడు. మళ్ళీ తెలుగుకు మార్చుకోవాలంటే సెట్టింగులన్నీ అరబ్బీలోనే ఉంటాయి కాబట్టి ఆ ఆలోచన మానుకోండి. ఎవరైనా ఫోను చేస్తే పచ్చ గుర్తు ఎటుందో వెతికేలోగా ఆగిపోతుంది. అప్పులవాళ్ళ నుంచి ఇంత హాయి ఇంకెట్ల దొరుకుతుంది?

6. కంతులు స్నేహితుడి బతాకా మీద.

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా, జాగ్రత్తగా చదవండి. కువైట్‌లో టెలికాం కంపెనీలు నెలనెలా కట్టే పద్ధతిలో లైనుతోపాటు ఫోను ఇస్తాయి. మీ బతాకా, అంటే సివిల్ ఐడీ మీద తీసుకోవద్దు. రూములో పక్క మంచం మీద పడుకునే మంచివాణ్ణి చూసుకుని, "ఒక్క సంతకం మామా, నెలనెలా నేనే కడతా" అనండి. మామా అన్నాక కాదనడు. రెండు కంతులు కట్టండి, లేకపోతే అనుమానం వస్తుంది. మూడో నెల సెలవు పెట్టి బయల్దేరండి.

కొందరు ధైర్యవంతులు సొంత బతాకా మీదే తీసుకుని ఇదే పని చేస్తారు. వాళ్ళకు కూడా నష్టమేం లేదు. విదేశీయులు దేశం దాటేముందు ఫోను బాకీలు తీర్చాలని కువైట్ 2023లో నిబంధన పెట్టింది. ట్రాఫిక్ జరిమానాలకు, కరెంటు, నీళ్ళ బిల్లులకు కూడా అదే. కాబట్టి ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. టికెట్టు పోతుంది, కానీ డ్యూటీకి పోనక్కర లేకుండా కువైట్‌లో ఇంకొన్నాళ్ళు ఉండే వీలు దొరుకుతుంది. మీ యజమాని కఫీల్‌కు ఊరికి పోతున్నానని చెప్పేశారు కదా, ఆయన పిలవడు.

దుబాయ్‌లో కార్డు గీకే సందర్భం వస్తే, మిషను దిర్హాములా రూపాయలా అని అడుగుతుంది. రూపాయలే నొక్కండి. మారకం రేటు అంగడి తరఫు వాళ్ళే వేసుకుంటారు, బ్యాంకు రేటు కన్నా మీకు ఎక్కువ పడుతుంది. అయితేనేం, పరాయి దేశంలో మన రూపాయి అంకె తెర మీద కనబడితే వచ్చే ఆనందం వేరు.

7. వ్యాట్ వాపసు ఇట్ల అడగాలి.

దుబాయ్‌లో 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. చుట్టపుచూపుగా పోయిన టూరిస్టుకు అందులో చాలావరకు తిరిగిస్తారు. కొన్నది 250 దిర్హాములకు తగ్గకూడదు, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి, 90 రోజుల్లో వస్తువుతో సహా దేశం దాటాలి, ఎయిర్‌పోర్టులో పెట్టెలు అప్పజెప్పకముందే అక్కడి యంత్రం దగ్గర నమోదు చేయించాలి. 2018లో ఈ వాపసు మొదలైనప్పుడు వ్యాట్‌లో 85 శాతం లెక్కగట్టి, అందులో 4.80 దిర్హాములు ఖర్చుకింద పట్టుకుని మిగతాది ఇచ్చేవాళ్ళు. ఆ లెక్కన ఫోనులో 100 దిర్హాముల వ్యాట్ ఉంటే చేతికి 80 దిర్హాముల 20 ఫిల్సులు వచ్చేవి.

ఇందులో ఏదీ చేయకండి. పాస్‌పోర్టు రూములో తాళం వేసి పెట్టండి, దొంగలుంటారు. ఫోనును పెద్ద పెట్టె అడుగున ఖర్జూరాల కింద పెట్టి బెల్టు మీద వేసేయండి. అది లోపలికి పోయాక వ్యాట్ కౌంటరు ముందు తీరిగ్గా నిలబడండి. "ఫోనేది?" అంటారు. "పోయింది సార్, విమానంలోకి" అనండి. కంపెనీ వీసా మీద ఉన్నవాళ్ళకు ఈ వాపసు రాదు. మెడలో కంపెనీ కార్డుతోనే పోయి టూరిస్టునని చెప్పండి. కువైట్‌లో అసలు వ్యాట్టే లేదు. అయినా అక్కడి ఎయిర్‌పోర్టులో కూడా గట్టిగా అడగండి. గట్టిగా అడిగినవాడికి ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇస్తారు.

8. సంతకం చదవకుండా పెట్టండి.

2014 నవంబరులో సింగపూర్ సిమ్‌లిమ్ స్క్వేర్‌లో వియత్నాం నుంచి వచ్చిన ఒక కార్మికుడు 950 డాలర్లకు ఐఫోన్ 6 కొన్నాడు. సంతకం పెట్టాక, వారంటీకని ఇంకో 1,500 డాలర్లు కట్టమన్నారు. అతను అంగట్లోనే మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆ అంగడి యజమానికి 2015లో 33 నెలల జైలు పడింది. మోసగాడు దొరికాడు, జైలుకు పోయాడు. కాబట్టి ఇప్పుడు ఏ దేశంలోనైనా, ఏ అంగట్లోనైనా కళ్ళు మూసుకుని సంతకం పెట్టొచ్చు.

9. బెంగళూరు ఎయిర్‌పోర్టు.

వాడుకునే ఫోను ఒకటి జేబులో ఉంటే ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోకపోతే మన తెలివి చూపించే అవకాశమేది? అందుకే ఏడు తెండి. బయల్దేరేముందే చుట్టాల దగ్గర డబ్బు తీసుకుని ఉంటారు కదా.

ఒక్కో ఫోనును ఒక్కో మేజోడులో దూర్చండి. ఎవరిది ఏదో కలిసిపోకుండా ప్రతిదాని మీదా చీటీ అంటించండి. కాగితం పనికొచ్చేది ఈ ఒక్కచోటే. "చిన్నమామ, నల్లది, ఇంకా ఇరవై వేలు ఇవ్వాలి" అని విడమరిచి రాయండి. పవర్‌బ్యాంకులు పెద్ద పెట్టెలో వేయండి. విమానాల్లో అవి చేతిసంచిలోనే ఉండాలి గాబట్టి మీ పెట్టెను ప్రత్యేకంగా పక్కకు తీసి, మీ పేరు పెట్టి పిలుస్తారు. అంత మర్యాద ఇంకెవరికి దొరుకుతుంది?

1962 కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం సామానులో ఏముందో ప్రయాణికుడే చెప్పాలి. మీరే చెప్పాలంటే, చెప్పకపోవడం కూడా మీ చేతుల్లోనే ఉందన్నమాట. 2016 బ్యాగేజీ నిబంధనలు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకు 50,000 రూపాయల దాకా సుంకం లేదన్నాయి, దాటినదాని మీద 38.5 శాతం. తొంభై వేల ఫోనుకు ఆ లెక్కన 15,400 రూపాయలు. ఈ పరిమితులు మారుతుంటాయి. ఈ ఏడు ఎంతుందో తెలుసుకుంటే తెలిసి తప్పు చేసినట్టవుతుంది, కాబట్టి తెలుసుకోకండి. ఎర్ర దారి వైపు కన్నెత్తి చూడకుండా పచ్చ దారిలో తల వంచుకుని, వేగంగా, చెమటలు తుడుచుకుంటూ నడవండి.

ఆపుతారు. హిందూపురం, పెనుకొండ వాళ్ళం, మనకు కన్నడం రాకపోవడమేంటి?

"ఎష్టు ఫోన్ ఇదె?"

"ఒందే, సార్."

సంచి స్కానర్లోకి పోతుంది. తెర మీద ఏడు పలకలు, ఏడు మేజోళ్ళలో, ఒకే వరసలో కనబడతాయి. అప్పుడు కూడా "ఒందే" అనే మాట మీదే నిలబడండి. మాట మార్చేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఆఫీసరు ఒక్కొక్క చీటీ పైకి చదువుతాడు. ఎవరెవరికి అమ్మడానికి తెచ్చారో, ఎంతెంత రావాలో మీరే రాసిపెట్టారు గనక ఆయనకు విచారణ శ్రమ తప్పుతుంది. ఫోన్లు ఉంచుకుని రసీదు ఇస్తారు. సుంకం, జరిమానా కట్టి విడిపించుకోవడానికి పనికొచ్చేది ఆ రసీదే. అది కూడా కాగితమే. బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు వచ్చేలోగా కారు కిటికీలోంచి వదిలేయండి.

10. చుట్టాలకు చెప్పాల్సిన మాటలు.

జాతీయ రహదారి మీద పెనుకొండ దాటేసరికి కథ తయారుగా ఉండాలి. చిన్నమామకు: "కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు మామా, నీది మాత్రమే పట్టుకున్నారు." పెద్దనాయనకు కూడా ఇదే మాట చెప్పండి, ఒక్క అక్షరం మార్చకండి. ఇద్దరూ ఒకే పెళ్ళిలో పక్కపక్కన కూర్చుంటే? అందుకే ఆ సీజన్లో పెళ్ళిళ్ళకు పోవద్దు. రసీదు చూపించమంటే, గాలికి పోయిందనండి. డబ్బు తిరిగిమ్మంటే, ఫోను వస్తుంది, పై ఆఫీసులో మాట్లాడానని, ఇంకో ఐదువేలు ఇస్తే పని అయిపోతుందని చెప్పండి. ఇచ్చేవాళ్ళు ఉంటారు.

11. ఛార్జరు.

కువైట్ ఛార్జరుకు మూడు చదునైన పిన్నులుంటాయి, మన గోడకు పట్టదు. అడాప్టర్ ధర్మవరంలో ఏ ఎలక్ట్రికల్ అంగట్లోనైనా చవగ్గా దొరుకుతుంది. కొనకండి. ఇంట్లోని సాకెట్లన్నీ పీకించి కువైట్ సాకెట్లు పెట్టించండి. మిక్సీ, టీవీ, ఫ్రిజ్ ఆ తర్వాత దేనికీ పట్టవు. ఇంట్లో అడిగితే, అవి కూడా వచ్చేసారి కువైట్ నుంచే తెస్తానని మాటివ్వండి.

12. ఫోను చెడిపోతే, పోతే.

తెర పగిలిందంటే నేరుగా సర్వీస్ సెంటరుకు పొండి. ఆండ్రాయిడ్ కంపెనీలు చాలావరకు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి, కొన్ని మోడళ్ళకు ఇక్కడ విడిభాగాలు కూడా దొరకవు. ఇండియా సెట్టు కాదంటారు. బిల్లు అడుగుతారు. లేదని గర్వంగా చెప్పి, అక్కడి కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా వాదించండి. ఏసీ ఉంటుంది.

స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని ఎక్కడా రాసిపెట్టుకోకండి. కేవైఎం అని రాసి ఆ నంబరు 14422కు మెసేజ్ పంపితే ఫోను అసలుదో కాదో తెలిసిపోతుంది, అనవసరంగా మనసు కష్టపెట్టుకోవడమే. ధర్మవరం బస్సులో ఫోను పోయిందనుకోండి. 2023 మేలో వచ్చిన సంచార్ సాథీ పోర్టల్లో పోలీసు ఫిర్యాదు, ఐఎంఈఐ, కొన్న బిల్లు పెట్టి బ్లాక్ చేయించుకునే వీలుంది. మన దగ్గర ఫిర్యాదు ఒక్కటే ఉంటుంది. స్టేషన్లో, "నల్ల ఫోను సార్, వెనక మూడు కెమెరాలు, అరబ్బీలో ఉంటుంది" అని చెప్పండి. ఎవరి పేరు మీదుందని అడుగుతారు. కువైట్‌లో ఒక స్నేహితుడి పేరు మీద అనండి. ఆ స్నేహితుడి నంబరిమ్మంటే ఇవ్వండి. బాకీ కట్టలేక అతను ఇప్పుడు సెలవుకు రాలేక అక్కడే ఉన్నాడు కాబట్టి, ఏ వేళకైనా ఫోను ఎత్తుతాడు.

స్టేషన్ నుంచి బయటికొచ్చాక దిగులు పడొద్దు. తిరుగు టికెట్టు ఉండనే ఉంది. దిగిన మొదటి శుక్రవారమే మాలియాకు పోయి కొత్త మోడల్ చూసుకోండి. పాతదాని కంతులు ఆ స్నేహితుడి బతాకా మీదే ఉన్నాయి, ఆయన మళ్ళీ సంతకం పెట్టడు. రూములో అవతలి మంచం మీదికి కొత్తగా ఎవరొచ్చారో కనుక్కోండి.